వంటింటికో కిటికీ

మా ఆడపడుచు వాళ్ళు ఇల్లు కడుతున్నారు. మొన్న ప్లాను తెచ్చి చూపించింది. హాలుకీ, రెండు బెడ్‌రూములకీ ఏసీ పాయింట్లున్నాయి. వంటిల్లు శాస్త్రప్రకారం ఆగ్నేయంలోనే కుదిరింది. దానికున్నది మాత్రం ఒక్కటే కిటికీ, అదీ పక్కవాళ్ళ గోడకి ఎదురుగా!

‘‘ఇందులోకి గాలెలా వస్తుందే?’’ అన్నాను.

‘‘ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టిస్తారట వదినా’’ అంది.

ఏ గదిలో ఎవరు ఎంతసేపుంటారని ప్లాను గీసేవాళ్ళు ఎప్పుడైనా అడుగుతారా? మే నెల మధ్యాహ్నం శ్లాబు కింద, పొయ్యి ముందు నిలబడేది మనం. పగలంతా ఎండ తాగిన ఆ శ్లాబు రాత్రి వేడిని గదుల్లోకి వదులుతుంది. ఏసీ వేసుకుంటాం. నెలాఖరుకి కరెంటు బిల్లు చూసి గుండె పట్టుకుంటాం.

హైదరాబాదులో సిఐఐ-సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. అమెరికా బయట ‘లీడ్’ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం అది, 2003లో. మర్నాడు ఏడాది అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. నడుమ ముంగిలి, గాలీ వెలుతురూ వచ్చే జాలీ గోడలు, కప్పు మీద పచ్చదనం... మన మండువా లోగిలికి చుట్టమే! (అలాగని పాత ఇళ్ళని మరీ మెచ్చుకోను. గాలంతా మగవాళ్ళు కూర్చునే వసారాకి, పొగంతా మా అమ్మమ్మ కళ్ళకి.)

తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ విధానం వచ్చింది. 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకి ఎండను తిప్పికొట్టే చల్లని కప్పు తప్పనిసరి అన్నారు. అంతకన్నా చిన్నవాటికి సొంతదారు ఇష్టం. నూటయాభై గజాల వాళ్ళం మనమంతా ఆ ‘ఇష్టం’ కిందికే వస్తాం. మరి ఇంట్లో చెల్లేది ఎవరి ఇష్టం?

మేం అద్దెకుంటున్నది పై వాటా. రెండేళ్ళ కిందట ఇంటివాళ్ళనడిగి, ఎండలు ముదరకముందే డాబా మీద తెల్లసున్నం కొట్టించాం. ఏసీ మానేశామని కోతలు కొయ్యను గానీ, సాయంత్రం చెప్పుల్లేకుండా డాబా ఎక్కగలుగుతున్నాం. దుమ్ము పేరుకుంటే ఆ గుణం తగ్గిపోతుంది, కడుగుతూ ఉండాలి. ఆ పనీ మనకే అనుకోండి!

తెల్లరంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు. గోడలు లేచాక కిటికీ కావాలంటే మాటలు కాదు. ఇల్లు కట్టిస్తున్నవాళ్ళు ప్లాను కాగితం ఒకసారి మీ చేతిలోకి తీసుకోండి. మధ్యాహ్నం ఎండ ఏ గోడ మీద పడుతుందో, దానికి సన్‌షేడ్ ఉందో లేదో చూడండి. గాలి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోయే దారుందేమో మేస్త్రీనే అడగండి.

మా ఆడపడుచు పెన్సిలుతో వంటింటి తూర్పు గోడకి ఇంకో కిటికీ గీసుకుంది. ‘‘ఆయన్నడిగి చెప్తా వదినా’’ అంటూ లేచింది. బుధవారం పునాదులు తీస్తున్నారు.