ఎన్ని గంటలని కాదు, ఏ గంటలని అడుగుదాం

మా అత్తకు ఇప్పటికీ రాత్రి రెండు గంటలకు మెలకువ వస్తుంది. ఏళ్లనాటి అలవాటు అది.

నేను పుట్టి పెరిగింది నగరిలో, మరమగ్గాల వీధిలో. మగ్గాల చప్పుడు ఆగిందంటే కరెంటు పోయినట్టు. పెళ్లయి పక్క పల్లెకు వచ్చాక తెలిసింది, సేద్యం చేసే ఇంట్లో కరెంటు ఎప్పుడొస్తుందా అని కాచుకొని ఉంటారని.

అత్త కాపురానికి వచ్చిన కొత్తలో బావి మీద కపిల ఉండేదంట. తెల్లారకముందే ఎడ్లు కట్టి బానతో నీళ్లు తోడితేగానీ మడి తడిసేది కాదు. తర్వాత బావికి మోటారు వచ్చింది. ఇంట్లో బల్బు వెలగడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. "నీళ్లకు కరెంటు, నాకు కిరసనాయిలు బుడ్డి" అని నవ్వుతుంది.

పల్లెకు కరెంటు ఎలా వచ్చిందంటే అందరూ చెప్పే కథ ఒకటుంది. 1959లో కరెంటు బోర్డు పెట్టారు. 1969లో వచ్చిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ అప్పులిచ్చి పొలాలకు లైన్లు వేయించింది. 2004 మే 14న వైఎస్ ముఖ్యమంత్రి కాగానే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. దాంతో మా ఇంటి బరువు తగ్గింది, కాదనను.

కానీ ఆ కరెంటు ఏ వేళకు వచ్చేదో ఎవరూ చెప్పరు. పగలు కొంత, రాత్రి కొంత. అర్ధరాత్రి మామ టార్చిలైటు, కట్టె పట్టుకొని చెరుకుతోటలోకి పోయేవారు. గట్ల మీద పాములు, తడి చేతులతో స్టార్టరు పెట్టె. ఆయన తిరిగొచ్చి కాళ్లు కడుక్కునే చప్పుడు వినేదాకా అత్తకు నిద్ర లేదు. మళ్లీ ఐదింటికి పేడ ఎత్తాలి, పాలు పితకాలి. ఆ నిద్ర ఏ బిల్లులో రాశారు?

ఆటోమేటిక్ స్టార్టరు పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే తిరిగితే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయేది. మోటారు దానంతటదే తిరిగినా మడవ మార్చడానికి మనిషి పోవాల్సిందే.

2019 తర్వాత పగటిపూటే తొమ్మిది గంటలు ఇస్తామన్నారు. నన్నడిగితే ఉచితం కన్నా ఆ 'పగలు' అన్న మాటే పెద్దది. ఇప్పుడు అత్త రెండింటికి లేచి, మామ మంచం వైపు ఒకసారి చూసి, మళ్లీ పడుకుంటుంది.

ఏ పార్టీ వాళ్లు ఓట్లకు వచ్చినా మగవాళ్లు ఎన్ని గంటల కరెంటు అని అడుగుతారు. ఏ గంటల్లో అని మనం అడుగుదాం. అడగకపోతే మళ్లీ రాత్రికి మార్చినా మన నిద్ర సంగతి వాళ్లకు పట్టదు.