మునిగిన పత్తి చేను లెక్క అంతరిక్షం నుంచి తేలుతుందా? రాడార్‌ శాటిలైట్‌కు నేల మీదే పరీక్ష

గోదావరికి వరదొస్తే ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ రైతుల్లో ఒకటే గుబులు. మునిగిన చేను లెక్కలోకి ఎక్కుతుందా లేదా? విపత్తు సాయం నిబంధనల ప్రకారం పంట నష్టం 33 శాతం దాటితేనే పరిహారం. అంటే కొలతలో చిన్న తేడా వచ్చినా రైతు నష్టపోతాడు.

మబ్బులున్నా చూస్తుంది

2022 జులైలో కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. అలాంటి రోజుల్లో ఆకాశమంతా మబ్బులే. మామూలు కెమెరా శాటిలైట్లకు కింద ఏమీ కనిపించదు. రాడార్‌కు ఆ ఇబ్బంది లేదు. అది తరంగాలు పంపి, నేలకు తగిలి తిరిగొచ్చిన వాటిని కొలుస్తుంది. కదలని నీళ్లు తరంగాలను పక్కకు మళ్లిస్తాయి కాబట్టి చిత్రంలో నల్లగా కనిపిస్తాయి.

ఇస్రో, నాసా కలిసి చేసిన నిసార్ ఇలాంటిదే. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి నింగికెగిరింది. ఇస్రో ఎస్-బ్యాండ్ రాడార్ తొలి చిత్రం ఆగస్టు 19న తీసిన మన గోదావరి డెల్టాదే.

కాంటాకు తూకం రాళ్లలాగే..

జమ్మికుంట, ఆదిలాబాద్ మార్కెట్లలో పత్తి తూచే కాంటా సరిగ్గా ఉందో లేదో తూకం రాళ్లు పెట్టి చూస్తారు కదా! రాడార్‌కు ఆ తూకం రాళ్లే కార్నర్ రిఫ్లెక్టర్లు. మూడు లోహపు పలకలను గది మూలలా బిగిస్తారు. లోపలికి వచ్చిన తరంగం మూడింటికీ తగిలి వచ్చిన దారినే వెనక్కి వెళ్తుంది. ఎంత సిగ్నల్ తిరిగి రావాలో ముందే లెక్క ఉంటుంది. చిత్రంలో ఎంత వచ్చిందో చూసి తేడాను సరిచేస్తారు. నిసార్ కోసం ఇస్రో వీటిని అహ్మదాబాద్ చుట్టుపక్కల, మరికొన్ని చోట్ల పెట్టింది.

ఇది చిన్న విషయమేం కాదు. రాడార్ 1 డెసిబెల్ తప్పినా సిగ్నల్ లెక్కలో దాదాపు 26 శాతం తేడా వస్తుంది. తడి నేల ఏదో, నిలిచిన నీరు ఏదో చెప్పే గీతే జరిగిపోతుంది.

మరి మన చేను సంగతేంటి?

అహ్మదాబాద్‌లో సరిచేస్తే మనకేం లాభం అనుకోవద్దు. రాడార్ ఒకటే కాబట్టి అక్కడ సరిచేసిన లెక్క ఇక్కడా పనికొస్తుంది. కానీ కాంటా కరెక్టయినంత మాత్రాన బస్తాలోని పత్తి నాణ్యత తెలియదు. ఇక్కడా అంతే. మొక్కలు నీళ్లలో నిలబడి ఉంటే తరంగం నీటికి, కాండానికి తగిలి తిరిగొస్తుంది. అప్పుడు మునిగిన చేను నల్లగా కాదు, ఇంకా మెరుస్తూ కనిపించొచ్చు. పైగా నిసార్ ఒకే దారిలో మళ్లీ వచ్చేది 12 రోజులకు. ఈలోగా నీళ్లు దిగిపోవచ్చు, పంట మాత్రం కుళ్లిపోతుంది.

అందుకే శాటిలైట్ మ్యాప్ ఒక్కటే చూసి పరిహారం తేల్చడం సరికాదు. నల్లరేగడి చేలల్లో తేమ, పత్తి ఎదుగుదల నేల మీద కొలిచి, ఆ మ్యాప్‌తో పోల్చాలి. వ్యవసాయ అధికారి చేనుకు రావాల్సిందే. రైతులూ నీళ్లు నిలిచిన రోజే తేదీ, లొకేషన్ కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోవడం మంచిది.