ఆంగ్లభాషయు నతిశుద్ధియు

తెలియక చేయు తప్పు వేఱు. తప్పగునేమో యను భయముచే చేయు తప్పు వేఱు. మొదటిది బడిపిల్లవానిది, రెండవది పట్టభద్రునిది. ఈ రెండవదానిని అతిశుద్ధి యనవచ్చును. "బిట్వీన్ యూ అండ్ ఐ" యని ఠీవిగా పలుకు పెద్దమనుష్యులు దీని పాలబడినవారే. చిన్ననాడు "మీ అండ్ హిమ్" అని వాక్యమును మొదలిడినందులకు బెత్తపుదెబ్బ తిన్న బాలుడు "మీ" యను మాటయే అపశబ్దమని తలంచి, పెద్దవాడైన పిదప అది యుండదగిన తావులందును "ఐ"ని నిలుపును. "బిట్వీన్" తరువాత "మీ" యుండుటయే వ్యాకరణసమ్మతము. నీకును నాకును నడుమ అందుము గాని, నీవును నేనును నడుమ అని మనలో పసివాడును అనడు గదా! మాతృభాషలో తడబడని విభక్తి పరభాషలో తడబడుటకు కారణము బుద్ధిలోపము కాదు, భీతి.

ఇది మనకే పట్టిన జాడ్యమని పాఠకులు చిన్నబోవలదు. షేక్స్పియరు "వెనిస్ వర్తకుడు" నాటకమున ఆంటోనియో వ్రాసిన లేఖలోనే యీ ప్రయోగము కలదు. మహాకవికి చెల్లినది గుమాస్తాకు చెల్లదు, అది లోకన్యాయము. "హూ" చాలినచోట "హూమ్" వ్రాయుటయు నిట్టిదే. "ద మ్యాన్ హూమ్ ఐ థాట్ వజ్ ఆనెస్ట్" అనుదానిలో "ఐ థాట్" తీసివేసి చదివిన దోషము తానే బయటపడును. పందొమ్మిదవ శతాబ్దమున లండను సామాన్యులు హకారమును విడిచి నవ్వులపాలై, లేనిచోట దానిని తగిలించి మఱింత నవ్వులపాలైరి. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దమున రోమను కవి కటల్లస్ అరియస్ అనువానిని ఈ దోషమునకే యెగతాళి చేసెను. బాధను "భాధ" యని వ్రాయు మన చేయి యా అరియస్ నాలుకకు చుట్టమే!

భయమును పెంచినవారిలో వ్యాకర్తలును గలరు. వాక్యాంతమున ప్రిపోజిషన్ ఉండరాదని 1672లో డ్రైడెన్ బెన్ జాన్సనును తప్పుపట్టి, పిదప తన పూర్వరచననే దిద్దుకొనెను. 1762లో వ్యాకరణము ప్రకటించిన లౌత్ మిల్టనులోను తప్పులు వెదకెను. 1926లో ఫౌలర్ తన నిఘంటువున ఆ ప్రిపోజిషన్ నిషేధమును మూఢవిశ్వాసమని త్రోసివేసెను. అయినను మన బడులలో అది నేటికిని వేదవాక్యము.

1835లో మెకాలే మాట నెగ్గిన నాటినుండి ఆంగ్లము కొలువునకు ద్వారమైనది. 1947లో దొరలు వెడలిరి. ద్వారమును, దానియొద్ద వణకుటయు మిగిలినవి. ఉద్యోగార్థి యొకడు "మైసెల్ఫ్ ఫలానా" యని మొదలిడగానే పరీక్షకులు ముసిముసి నవ్వులు నవ్వుదురు. "ఐ యామ్" అన్న సరిపోవును. అంత తేలికమాట అంతటి సభకు చాలదని యతడు తలంచెను కాబోలు. వాని కెన్ని శాస్త్రములు తెలిసినను ఆ యొక్క మాటతో వాని విలువ తేలిపోయినట్లే. నవ్విన పరీక్షకునకు తెలుగులో ఒక యర్జీ తప్పులేక వ్రాయుట వచ్చునో రాదో యడుగువా డెవ్వడు?

నిషేధములను మాత్రము వల్లింపజేయు పద్ధతిని ఉపాధ్యాయులు మానవలెను. "ఐ", "మీ" లను బోధించునపుడు నేను, నాకు, నన్ను అను రూపములను నల్లబల్లపై పక్కనే వ్రాసి చూపుడు. "హూ", "హూమ్" లకు ఎవడు, ఎవనిని అనువానిని చూపుడు. దీనికి క్రొత్త పుస్తకము గాని ప్రభుత్వోత్తరువు గాని యక్కరలేదు. రేపటి పాఠముననే మొదలిడవచ్చును.