భీమునిపట్టణములో ఇల్లు

గత మాసమున ఊరగాయ జాడీలనుగూర్చి వ్రాయుచు, ఇల్లు మారు తొందరలో నున్నామని చివర నొక మాట చేర్చితిని. దానిమీద పలువురు సోదరీమణులు "ఏ యిల్లు? ఎక్కడ? ఎట్లు కొంటిరి?" అని అడిగిరి. అందరికిని వేరువేరుగా బదులు వ్రాయుటకు తీరిక లేదు గనుక ఈ మాసము వంటయింటి సంగతులు కట్టిపెట్టి ఆ కథయే చెప్పెదను.

గోపాలపట్నములో మేము పదునాలుగేండ్లు అద్దె కాపురము చేసితిమి. నాలుగిండ్లు మారితిమి. సింహాచలము రైలు స్టేషను మా యూరనే యున్నది గనుక, ఎన్ని యిండ్లు మారినను రైలుకూత మాత్రము మమ్ము విడువలేదు. అక్కడనే చిన్న యిల్లు కొందమని మావారికి మొదట కోరిక. కాని చేరువనున్న వేపగుంట, అడివివరము మొదలగు పంచగ్రామములలో సింహాచల దేవస్థానపు భూములను గూర్చిన తగవు దశాబ్దములుగా నడచుచున్నది. తాము కట్టుకొన్న యింటిలోనే కాపురముండియు, దానిని అమ్ముటకు రిజిస్ట్రేషను లేక చిక్కుపడిన కుటుంబములు వేలకొలది కలవు. వారి కష్టము కన్నులార చూచినదానను గనుక, ఇల్లనగా గోడలు కావు, కాగితములని నాకప్పుడే తెలిసినది.

ఇంతలో మావారికి భీమిలివైపు బడికి బదిలీ అయినది. అదివారములు రెండు మూడు అక్కడి వీధులలో తిరిగితిమి. భీమునిపట్టణము సామాన్యమైన యూరు కాదు. గోస్తనీనది సముద్రమున కలియుచోట, 17వ శతాబ్దమున, గోలకొండ సుల్తానుల కాలమందు, డచ్చివారు వర్తకశాల నెలకొల్పిరి. వారి సమాధులు నేటికిని అక్కడ నున్నవి. ఒడ్డున మునుపటి వైభవము చెప్పు గడియార స్తంభమున్నది. 1861 లోనే పురపాలక సంఘము ఏర్పడిన పట్టణమది. ఇప్పుడు మహా విశాఖ నగరములో కలిసినది. 1824 లో లండనులో ఇంగ్లీషువారును డచ్చివారును ఒక ఒడంబడిక వ్రాసికొనగా, మరుసటి యేడు ఈ యూరు చేతులు మారినది. ఊరిలోని వారిని ఎవరైన అడిగిరా? అడుగలేదు. ఆనాడు అది ఆశ్చర్యము కాదనుకొందము.

మేము చూచిన యిల్లు పాతయూరి నడుమ, సముద్రమునకు నాలుగు వీధుల దూరమున నున్నది. మండువా లోగిలి; గానుగ సున్నపు గోడలు మూరెడు మందము; టేకు దూలములు. 2014 అక్టోబరు 12 న వచ్చిన హుద్‌హుద్ తుపానులో పెంకు ఎగిరినదట గాని దూలము కదలలేదట. ఉప్పుగాలికి కిటికీ ఊచలు మాత్రము తుప్పుపట్టి పెచ్చులూడుచున్నవి. నూతినీరు కొంచెము ఉప్పన. సముద్రపు పోటు గీతనుండి 500 మీటర్లలోపల క్రొత్త కట్టడములకు ఆంక్షలు గలవు గనుక, పడగొట్టి కట్టుద మనువారు ముందుగా విచారించుకొనవలెను. మాకు పడగొట్టు తలంపు లేదు. ఆ మండువాలో పడిన ఎండ చూచి నేను అప్పుడే మనసులో గడప కడిగి ముగ్గు వేసికొంటిని.

అమ్మువారు ఇద్దరన్నదమ్ములు. తండ్రి సంపాదించి కొన్న యిల్లు. ఆయన పోయి ఆరేండ్లయినది. ముసలితల్లి పెద్దకుమారుని వద్ద నున్నది. మావారును, మధ్యవర్తియు, అన్నదమ్ములును వసారాలో కూర్చుండి కాగితములు చూచిరి. పాత విక్రయ దస్తావేజు ఉన్నది. ఈసీలో అప్పులేవియు లేవు. ఇంటిపన్ను రసీదులు వరుసగా నున్నవి. మగవారందరు తృప్తిపడిరి. బయానా ఎంతయను మాట వచ్చినది.

నేను లోపల వంటయింటిలో ఆ పెద్దామెతో కూర్చుంటిని. కాఫీ కలుపుచు ఆమె, చీకటిగా నున్న చిన్నగదిని చూపి, "మా పిల్ల రెండు పురుళ్లూ ఈ గదిలోనే పోసుకుందమ్మా" అన్నది.

"ఏ పిల్ల, పిన్నిగారూ?"

"బరంపురంలో ఇచ్చాం కదా. అబ్బాయిలకంటే పెద్దది."

వసారాలో రెండుగంటలసేపు జరిగిన ప్రసంగములో ఆ పిల్ల పేరు ఒక్కసారియైన రాలేదు.

ఇంటికి వచ్చుదారిలో మావారితో చెప్పితిని. ఆయన మొదట తేలికగా, "పెండ్లి చేసి పంపిన బిడ్డ, వారి యింటి వ్యవహారము మనకేల?" అనిరి. మరునాడు ప్లీడరుగారి నడుగగా ఆయన కాగితములు ప్రక్కకు నెట్టి, కుటుంబ సభ్యుల ధ్రువపత్రము ఏదని అడిగిరి. తరువాత తెత్తుమని వారు చెప్పియుండిరి; మేము నమ్మి యూరకుంటిమి.

ప్లీడరుగారు చెప్పినది ప్రతి యింట తెలిసియుండదగినది. తండ్రి స్వార్జితము, ఆయన వీలునామా వ్రాయక గతించినయెడల, 1956 నాటి హిందూ వారసత్వ చట్టముచే భార్యకును, కొడుకులకును, కూతుండ్రకును సమభాగములు. ఆమెకు పెండ్లియైనదా యను ప్రశ్నయే లేదు. ఈ యింటిలో నలుగురు వారసులు, ఆమెది నాల్గవవంతు. ఆ చట్టములోనే, కుటుంబము కాపురముండు ఇంటిని మగవారు పంచుకొనదలచిన నాడే గాని ఆడబిడ్డ పంచుమని అడుగరాదను 23వ సెక్షను ఒకటి ఉండెడిది. దానిని 2005 లో తీసివేసిరి. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తి సంగతి వేరు: అందులో కూతునకు కొడుకుతో సమానముగా పుట్టుకహక్కు మన ఆంధ్రప్రదేశములో 1986 సవరణచే వచ్చినది, కాని అది అప్పటికి పెండ్లికాని వారికే, 2005 లో దేశమంతట పెండ్లియైన వారికి గూడ వచ్చినది. కట్నము ఇచ్చితిమి, సారె పెట్టితిమి అనుటచే ఈ హక్కు పోదు. వదలుకొన దలచినచో ఆమెయే దస్తావేజు వ్రాసి రిజిస్టరు చేయింపవలెను. ఆమె సంతకము లేని యిల్లు కొన్నచో మేము కొన్నది ముప్పాతిక యిల్లే యగును. ఆ పాతిక ఏ గదియో ఎవరు చెప్పగలరు?

ఈ మాట చెప్పగానే పెద్దన్నగారికి కోపము వచ్చినది. "మా చెల్లెలు లేదు, అక్కగారు గదా, ఆమె మా మాటకు ఎదురు చెప్పునా?" అని ఒక పూట, "ఆమె పెండ్లికి మా నాన్న రెండెకరములు అమ్మినాడు" అని మరియొక పూట. మధ్యవర్తి, ఏదైన తగవు వచ్చినచో అన్నదమ్ములే భరింతురని కాగితము వ్రాయించుకొని కానిండనెను. వేరొకరు బేరమునకు సిద్ధముగా నున్నారని బెదరించెను గూడ. ఆ వారము మావారికిని నాకును మాటలు తక్కువ. బయానాలో సగము నా పుట్టింటి బంగారముమీద తెచ్చినది. ఆ పలుకుబడితో నేను పట్టు విడువలేదని ఒప్పుకొనెదను.

ఆ రోజులలోనే మా ఆడపడుచు కుమార్తె డెల్ఫ్టునుండి ఫోను చేసినది. విధి విచిత్రము: ఆమెయు భర్తయు ఆ డచ్చివారి దేశమందే, పాతయూరి నడుమ, కాలువగట్టున ఇల్లు కొనుచుండిరి. అచట మెట్లు ఎంత ఇరుకనగా, మంచములు బీరువాలు వీధినుండి త్రాటితో లాగి కిటికీగుండ లోనికి తీసికొందురట. అందుకై ఇంటినెత్తిన దూలమునకు కొక్కెము. ఆ పడమటి పట్టణములలో నేల బురద గనుక పాత యిండ్లు కొయ్యగుంజలమీద నిలిచినవి. కొనువారు ముందు ఆ గుంజలు కుళ్లినవా యని పరీక్ష చేయింతురు. కాపురమునకై కొనువాడు ఒప్పందముపై సంతకము చేసిన పిమ్మట మూడు దినములలోపల కారణము చెప్పకయే మానుకొనవచ్చును. భూముల లెక్కలు 1832 నుండి ఒక్కచోట నున్నవి. దస్తావేజు వ్రాయు నోటరీ ఇరుపక్షములకును చదివి వివరించును. అన్నిటికంటె నాకు నచ్చినది మరియొకటి: దంపతులు కాపురముండు ఇంటిని, పత్రము ఒక్కరి పేరనే యున్నను, రెండవవారి సమ్మతి లేక అమ్మరాదు. "మాకు అమ్మిన ఆయన భార్య, ఇల్లు తన పేర లేకపోయినా, వచ్చి సంతకం పెట్టింది అత్తా" అని అది చెప్పినది. నేను ఆ మాట మావారికి వినిపించితిని. ఆయన చాలసేపు పత్రిక చదువుచున్నట్లు నటించి, తరువాత, "బరంపురము బండి ఎన్నిగంటలకు?" అని అడిగిరి.

పోవలసిన పని పడలేదు. తమ్ముడు మెత్తనివాడు, అక్కగారికి తానే చెప్పినాడు. ఆమె వచ్చినది. ఏబది దాటిన మనిషి, నెమ్మదిగా మాటలాడును. తమ్ములమీద నిందలు పలుకునేమో యని నేను జంకితిని. మండువాలో స్తంభమునకు ఆనుకొని, "నాకు వద్దని నేనంటే అది నా మాట. నన్నడక్కుండా వద్దన్నట్టు రాసుకుంటే అది ఎవరి మాట?" అన్నది. పెద్దతమ్ముడు లేచి వీధిలోనికి పోయెను. తల్లి కొంగుతో కన్నులు తుడుచుకొన్నది; ఎవరి పక్షమున ఏడ్చినదో నాకు తెలియదు. మూడునాళ్లు వారిలో వారు మాటలాడుకొనిరి. కడకు ఆమె తన నాల్గవవంతు తీసికొనుటకును, నలుగురును కలిసి మాకు వ్రాయుటకును నిశ్చయమైనది. మా ధర మారలేదు, ఆలస్యముమాత్రమే.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో స్టాంపు సుంకము, బదలాయింపు సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిపి నూటికి ఏడున్నర రూపాయలు పడును. అదియు సర్కారు విలువ, దస్తావేజు ధర, ఈ రెంటిలో ఏది ఎక్కువయో దానిమీద. ఇల్లు కొనువారు ఈ మొత్తమును మొదటనే తీసి వేరుగా నుంచుకొనవలెను. మేము ఉంచుకొనక చివరిదినమున తడబడితిమి. దస్తావేజు మా యిద్దరి పేరనే వ్రాయించితిమి. పెద్దామె వేలిముద్ర వేసెను. కూతురు సంతకము చేయునపుడు ఆమె చేయి వణకలేదు. పెద్దకుమారుడు తన సంతకము చేసి, ఎవరితోను పలుకక బండియెక్కి పోయెను. ఆయనకు మామీద కోపము ఇంకను తీరలేదు. ఎదురైన తల త్రిప్పుకొనును.

పోవుటకు ముందు ఆమె ఒకసారి ఇంటికి వచ్చి, పెరటిలోని సన్నజాజి కొమ్మ రెండు తుంచి తడిగుడ్డలో చుట్టుకొన్నది. ఆ తీగ తూర్పు చూరుమీదికి ప్రాకి పెంకు కదల్చినది. వానలు రాకముందే పెంకు సరిచేయించవలెను గాని, తీగ కోయకుండ ఎట్లు చేయుటయో పనివానికి తోచుట లేదు.