అసలు విడిభాగాలకు పోటీయే మందు

న్యూఢిల్లీ: కారు కొనడంతో వినియోగదారుని వ్యయం ముగియదు, మరమ్మతులతో అసలు భారం ఆరంభమవుతుంది. బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు వంటి అసలైన విడిభాగాల అమ్మకాన్ని అధీకృత డీలర్లకే పరిమితం చేస్తే వారు చెప్పిందే ధర అవుతుంది. ఈ ధోరణిని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులోనే తప్పుపట్టింది. 14 కార్ల కంపెనీలకు సుమారు రూ. 2,544 కోట్ల జరిమానా విధిస్తూ, విడిభాగాలను బహిరంగ మార్కెట్లో లభింపజేయాలనీ, బయటి గ్యారేజీలో మరమ్మతు చేయిస్తే వారంటీని గంపగుత్తగా రద్దుచేసే షరతు పెట్టరాదనీ ఆదేశించింది. కంపెనీలు సవాలు చేయడంతో వివాదం ఏళ్ళ తరబడి సాగింది. మూడు కంపెనీల అప్పీళ్ళపై 2016 డిసెంబరులో ట్రిబ్యునల్ కమిషన్ నిర్ధారణలను సమర్థించినా, జరిమానాను తగ్గించడం గమనార్హం.

28 శాతం జి.ఎస్.టి. ఉన్న విడిభాగాలపై 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 18 శాతానికి తగ్గింది. అయితే పోటీ లేనిచోట పన్ను తగ్గింపు ఒక్కటే ధరను న్యాయబద్ధం చేయజాలదు. అసలు సరకు అందని చోటనే నకిలీకి గిరాకీ. నకిలీ బ్రేకు ప్యాడు తెచ్చే ముప్పు మాత్రం ప్రాణాంతకం. కనుక ప్యాకెట్‌పై ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరను, విడిభాగం నంబరును సరిచూసుకొని, బిల్లు తీసుకోవడమే కొనుగోలుదారునికి రక్ష.