కూలివారి ముఖచిత్రములు

కరవునకు పుట్టినిల్లయిన అనంతపురము జిల్లాలో, నార్పల చేరువనున్న బండ్లపల్లియందు 2006 ఫిబ్రవరి 2వ తేదీన గ్రామీణోపాధి హామీ పథకము ఆరంభమయ్యెను. పని భిక్షము గాదు, హక్కు అని ఆనాడు చాటబడెను. 2023 జనవరి 1 నుండి ఆ పథకపు సామూహిక పనులలో దినమునకు రెండుమారులు కూలివారి ఛాయాచిత్రములు తీసి సెల్‌ఫోను ద్వారా పంపుట నిర్బంధమయ్యెను. దొంగ మస్టర్లను అరికట్టవలసినదే. అందు వివాదము లేదు. కాని ఆ చిత్రములు కార్యాలయములతో నిలువక అంతర్జాలమున ఎల్లరకును కానవచ్చినవి. మట్టి మోయు స్త్రీని అనుమతి యడిగినవారెవరు? అడిగినను, వద్దన్నచో కూలి పోవునని యెఱిగి యామె సరేయనుట సమ్మతి యగునా?

ఏకాంతము ప్రాథమికహక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమో, ఉద్యోగ ప్రయోజనములకై సమ్మతి లేకయే సమాచారమును వాడుకొను వీలును యజమానులకు కల్పించినది. సమ్మతికి చోటు లేనపుడు హద్దులైన నుండవలదా? హాజరుకై తీసిన చిత్రమును హాజరునకే వాడవలెను. దానిని ఎవరు చూతురో, ఎన్నాళ్లుంచుదురో కూలివారికి తెలుగున చెప్పవలెను. తనిఖీ ముగిసిన పిమ్మట చెరిపివేయవలెను. పరులకు చూపదలచినచో వేఱుగా అనుమతి గొనవలెను. 2025 డిసెంబరులో పాత ఉపాధి శాసనమునకు బదులు క్రొత్తది వచ్చినది. ఈ హద్దులను నిర్ణయించుటకు ఇదియే తరుణము.

కార్ఖానాలకును కచేరీలకును ఈ న్యాయమే చెల్లును. కూలి యిచ్చువాడు కొనునది శ్రమను, ముఖమును గాదు.