ఏ ఊరి వంట? మా ఇంటి వంట!



ఈసారి పొడుగ్గానే రాస్తా ఉండాను. కోపంగా మొదలుపెట్టి, రెండు రోజులు ఆపి, కోపం తగ్గినాక మళ్లీ మొదటినుంచి రాసినాను. నేను చదివింది తమిళ మీడియం. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకని ఒత్తులు నాకు ఇప్పటికీ తికమకే. తప్పులుంటే దిద్దండి. విషయం వదిలేసి ఒత్తులు మాత్రమే దిద్దకండి, అంతే నా మనవి.

జరిగింది ఇది. ఉగాదికి మన సంఘం పెట్టిన వంటల పోటీకి మా మనవరాలు పేరిచ్చింది. ఎనిమిదో తరగతి చదువుతోంది. ఆ బిడ్డ చేసింది బేకన్ వేసిన గుంతపొంగణాలు, పక్కన గోంగూర పచ్చడి. జడ్జిగా కూర్చున్న పెద్దాయన మూత తీసి చూసి, "ఇది ఏ ఊరి వంటమ్మా?" అన్నారు. బిడ్డ "మా ఇంటి వంట తాతా" అన్నది. నలుగురూ నవ్వినారు. "పోటీ అసలైన తెలుగు వంటలకు మాత్రమే" అని, రుచి కూడా చూడకుండా గిన్నె పక్కకు జరిపినారు.

ఆ గిన్నె కింద ఒక కాగితం ఉండింది. చేసే విధానం మొత్తం తెలుగులో, తన చేత్తో, పేజీ నిండా రాసింది. తమిళం, ఇంగ్లీషు మాత్రమే చదివే బిడ్డ తెలుగులో పేజీ నింపడం అదే మొదటిసారి. ఆ కాగితం ఎవ్వరూ చదవలేదు. తర్వాతి ఆదివారం మన తెలుగు క్లాసుకు రమ్మంటే "హోంవర్కు ఉంది తాతా" అన్నది. మూడు ఆదివారాలుగా హోంవర్కు ఉంది.

బహుమతి రాలేదని నేను రాయడం లేదు. బహుమతి స్టీలు డబ్బా, మా ఇంట్లో అట్లాంటివి పది ఉండాయి. నేను అడిగేది ఒకటే. "అసలైన తెలుగు వంట" అంటే ఏమిటి? అది తేల్చేది ఎవరు?

మొదటి బహుమతి గుత్తివంకాయకు ఇచ్చినారు. బాగుండింది, నేనూ రెండు తిన్నాను. అయితే ఇచ్చేటప్పుడు మైకులో "వెయ్యేళ్ల నాటి మన సంప్రదాయ వంట" అన్నారు. ఆ కూరలో ఎండుమిరపకాయ ఉంది, వేరుశనగ ఉంది. ఈ రెండూ అమెరికా ఖండంలో పుట్టిన పంటలు. వాస్కోడిగామా కోళికోడు దగ్గర దిగింది 1498లో. మిరపకాయ మన దేశానికి వచ్చింది ఆ పోర్చుగీసువాళ్ల తర్వాతే. వెయ్యేళ్ల కిందట మన అవ్వలు కారానికి మిరియం నూరుకున్నారు, ఆవకాయ ఎర్రగా లేదు. రెండో బహుమతి ఉర్లగడ్డ వేపుడు. ఉర్లగడ్డనే ఆంధ్రాలో బంగాళాదుంప అంటారు. ఎక్కడినుంచో వచ్చిందని పేరే చెప్తా ఉంది. తక్కాళి లేని చారు ఇప్పుడు ఎవరింట్లో కాస్తా ఉండారు? అదీ అమెరికానుంచి వచ్చిందే.

అంటే ఎవరో ఒక అవ్వ, ఎవరో ఒక కోడలు, ఎప్పుడో ఒక రోజు ఆ కొత్త కాయను చేతిలోకి తీసుకొని "దీన్ని పులుసులో వేసి చూస్తామే" అనుకున్నది. ఆ రోజు ఆమెను పట్టుకొని "ఇది ఏ ఊరి వంటమ్మా?" అని నవ్వి ఉంటే మనకు ఆవకాయ లేదు, గుత్తివంకాయ మసాలా లేదు. మనం సంప్రదాయం అని దండం పెట్టేదంతా ఒకప్పుడు ఎవరో ఆటగా చేసి చూసిందే.

"అన్నా, మిరపకాయ వేరు, బేకన్ వేరు. అది దొరల తిండి" అని ఒక తమ్ముడు నాకు ఫోన్ చేసి చెప్పినాడు. సరే, బేకన్ అంటే ఏమిటో చూద్దాం. పంది కడుపు భాగం మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి, చాలావరకు పొగబెట్టి, పలచగా పట్టీలుగా కోస్తారు. చెడిపోకుండా దాచుకోవడానికి కనిపెట్టిన పద్ధతి. మరి మన ఉప్పుకండం ఏమిటి? మా అవ్వ మటన్‌ను పొడుగు పట్టీలుగా కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి, దారానికి గుచ్చి ఎండలో కట్టేది. కాకులను తోలే డ్యూటీ నాది. వానాకాలంలో అది నాలుగు ముక్కలు వేయిస్తే వీధంతా వాసన. ఉప్పుకండం తెలిసిన మనిషికి బేకన్ పరాయిది కాదు. దూరపు చుట్టం, అంతే.

నాకు ఆ చుట్టాన్ని చూపించింది జోలార్‌పేట రైల్వే కాలనీ. మా నాయన పాయింట్స్‌మన్. రెండు లైన్ల అవతల ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు కుటుంబం. క్రిస్మస్‌కు బెంగళూరునుంచి బేకన్ తెప్పించుకొని, మాకు ఒక ప్లేటు పంపేవాళ్లు. ఆ అంకుల్ చెప్పిన ముచ్చట ఒకటి ఇప్పటికీ మరవలేదు. ఇంగ్లాండులో ఆవిరింజను మీద పనిచేసే ఫైర్‌మన్లు బొగ్గుపారను కడిగి, దానిమీద బేకన్, కోడిగుడ్డు పెట్టి, ఇంజను పొయ్యిలో వేయించుకొని తినేవాళ్లంట. పెనం లేకపోతే పార! పారమీద వండితే అది అసలైన వంట కాదని వాళ్లకు చెప్పేవాళ్లు ఎవ్వరూ లేరు. ఆకలి ఉంది, నిప్పు ఉంది, కొంచెం తమాషా ఉంది. ఇంటి వంట ఎక్కడైనా పుట్టేది అట్లే.

మా ఇంట్లోనూ అట్లే పుట్టింది. నేను రిటైరైనాక, మా ఇంటామెకు మోకాళ్ల నొప్పి ఎక్కువై వంటింటి చార్జి నాకు వచ్చింది. ముప్పై ఏడేళ్లు ఫైళ్లు చూసినవాణ్ణి, నాకు తెలిసింది అన్నం, చారు, గుడ్డు. ఆదివారం మనవరాలు వచ్చి "తాతా, ఈ రోజు ఏం కనిపెడదాం?" అంటుంది. అదే మా ఆట.

ఆటకు రూల్స్ మూడు. ఇంట్లో ఉండేదానితోనే చెయ్యాల, కొత్తది ఒక్కటే కొనాల. అరగంటలో అయిపోవాల. పేరు తెలుగులో పెట్టాల.

చెడిపోయినవి చాలా ఉండాయి. బేకన్‌ను చారులో వేసినాము. కొవ్వు పైన తేలి, పులుపూ పొగ వాసనా కొట్టుకొని, మొత్తం పారబోసినాము. దానికి ఆ బిడ్డ "ఇంజనాయిలు చారు" అని పేరు పెట్టింది. కుదిరినవీ ఉండాయి. చద్దన్నంలో పెరుగు, చిన్న ఉల్లిపాయ, పక్కన ఊరమిరపకాయకు బదులు కరకరలాడే బేకన్ ముక్క. గోంగూర పులుపు, బేకన్ కొవ్వు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, పులుపు లేకపోతే ఆ కొవ్వు మొహం మొత్తుతుంది.

పోటీకి తెచ్చిన పొంగణాలు ఇట్లా చేస్తారు. మూడో రోజు పులిసిన ఇడ్లీ పిండి రెండు గరిటెలు ఎక్కువగానే తీసుకోండి. నాలుగు బేకన్ పట్టీలు కత్తెరతో చిన్నగా కత్తిరించి, చల్లటి పెనంలో వేసి, ఆ తర్వాత సన్నమంట పెట్టండి. పెనం ముందే కాలిస్తే ముక్క ముడుచుకొని మాడుతుంది, కొవ్వు లోపలే ఉండిపోతుంది. చల్లగా మొదలుపెడితే కొవ్వు మెల్లగా కరిగి బయటికి వస్తుంది, నూనె చుక్క అక్కర్లేదు. ముక్కలు ఎర్రబడినాక తీసేసి, అదే కొవ్వులో పిడికెడు చిన్న ఉల్లిపాయలు, రెండు పచ్చిమిరపకాయలు, ఒక రెమ్మ కరివేపాకు వేయించి, అన్నీ పిండిలో కలపండి. ఉప్పు వెయ్యొద్దు, పిండిలోనూ ఉంది, బేకన్‌లోనూ ఉంది. మిగిలిన కొవ్వు గుంతకొక చుక్క. గుంత ముక్కాలు నింపి మూత పెట్టి, ఒకసారి తిప్పితే చాలు. మా పెనానికి ఏడు గుంతలు. ఆ బిడ్డ దానికి పెట్టిన పేరు "ఏడు బోగీలు". మొదట తినేది ఇంజను.

ఇది రాసేటప్పుడు ఆ బిడ్డ నన్ను అడిగిన మాటలు చూడండి. పిడికెడు అంటే ఎంత? చారెడు అంటే ఎంత? దోసెడు ఒక చేయా, రెండు చేతులా? మాడడం వేరా, కాలడం వేరా? ఇవి మన ఆదివారం పుస్తకంలో లేవు. 2006 చట్టం వచ్చినాక మన పిల్లలకు బడిలో తెలుగు అందడం ఎంత కష్టమైందో మీకు నేను చెప్పాలా? మిగిలింది ఇల్లు. ఇంట్లోనూ తెలుగు చివరిదాకా నిలబడే చోటు వంటిల్లు. అక్కడ ఒక బిడ్డ ఆడుకుంటా తెలుగు నేర్చుకుంటే, మనం గిన్నె పక్కకు జరిపినాము.

మన డాక్టరుగారు ఇంకో మాట చెప్పినారు, అది నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సరు విభాగం 2015లో బేకన్ లాంటి నిలవ మాంసాలను కేన్సరు కలిగించేవాటి జాబితాలో పెట్టింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు కేన్సరు ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క చెప్పింది. అందుకే మా ఇంట్లో నెలకు ఒకసారి, మనిషికి ఒకటిన్నర పట్టీ. అయితే డాక్టరుగారూ, ఆ రోజు గిన్నె జరిపింది ఆరోగ్యానికా? చక్కెర పాకంలో తేలిన మిఠాయిల టేబులు దగ్గర ఎవ్వరూ ఏమీ అడగలేదే?

శాకాహారుల సంగతి కూడా న్యాయమే. వాళ్లకు వేరే టేబులు, వేరే గరిటెలు ఉండాల, ఏ గిన్నెలో ఏముందో చీటీ రాసి పెట్టాల. ఆ రోజు వేరే టేబులు ఉంది కూడా. దానిమీద కోడి ఉంది, మటన్ ఉంది, రొయ్యలు ఉండాయి. వాటిని ఎవ్వరూ జరపలేదు. జరిపింది పందిని.

ఇక్కడ అసలు విషయం మాట్లాడుకుందాం. మనం ప్రభుత్వానికి అర్జీ రాసినప్పుడల్లా 2011 జనగణన చూపిస్తాము. తమిళనాడులో తెలుగు మాతృభాషగా రాసుకున్నవాళ్లు 42 లక్షల పైన అని గొప్పగా రాస్తాము. ఆ అర్జీలు టైపు చేసింది నేనే. ఆ 42 లక్షల్లో పంది కూర పండగ కూరగా వండుకునే ఇళ్లు లేవా? ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులను లెక్కకు కలుపుకుంటాము, వాళ్ల పొయ్యి మీద ఏముందో అడగము. తల లెక్కకు కావాల, గిన్నె టేబులుకు వద్దు. ఇది ఏ న్యాయం?

నా తప్పు కూడా చెప్తాను. మా నాయన డ్రైవరుగారింటి బేకన్ తిననిచ్చినాడు. అదే మనిషి, కాలనీ వెనక పంది కూర వండుకునే మన తెలుగువాళ్ల ఇంటికి నన్ను పోవద్దన్నాడు. దొర తింటే బేకన్, మనవాడు తింటే పంది. నేను చాలా ఏళ్లు అది తప్పని కూడా అనుకోలేదు. మన పక్కనే కొడగులో పంది కూరను చుట్టాలకు గౌరవంగా వడ్డిస్తారు. వాళ్లకు లేని సిగ్గు మనకెందుకు?

ఇంకొక మాట. "అసలైన" అనే కొలబద్ద పట్టుకుంటే మొదట బయటికి పోయేది మనమే. విజయవాడలో ఒక పెళ్లిలో నేను నోరు తెరవగానే "అరవం వాళ్లా మీరు?" అన్నారు. నాలుగైదు వందల ఏళ్ల కిందట వచ్చినవాళ్ల పిల్లలం, మన మాటలో తమిళం కలిసింది, మన పులుసులో కొళంబు కలిసింది. షోలాపూరులో మనవాళ్ల కంచంలో వేరుశనగ పొడి, రొట్టె ఉంటాయి. బరంపురంలో మనవాళ్లకు పఖాళ తెలుసు. వాళ్ల తెలుగును, వాళ్ల కంచాన్ని ఎవరైనా "ఇది ఏ ఊరిది?" అంటే మనకు మండుతుంది. మరి మనకు మండిన మాటనే ఆ బిడ్డకు చెప్పినామే.

నేను అడిగేది చిన్న సవరణ. వచ్చే జనరల్ బాడీ మీటింగులో పెడతాను, చేతులెత్తండి. పోటీ నియమంలో "అసలైన తెలుగు వంటలు మాత్రమే" అన్నది తీసేసి, ఇట్లా రాద్దాం: "వంట ఏదైనా కావచ్చు. చేసే విధానం తెలుగులో రాసి తేవాల, తెలుగులో చెప్పాల. జడ్జి రుచి చూడకుండా ఏ గిన్నెనూ జరపకూడదు. జడ్జి తినని పదార్థమైతే, తినే ఇంకొకరిని పిలవాల."

జడ్జిగా కూర్చున్న అన్నగారి మీద నాకు కోపం లేదు. అరవై దాటినాక నాకు అ, ఆ దిద్దించింది ఆయనే. ఈ కాగితం నేను రాయగలుగుతా ఉండానంటే అది ఆయన పెట్టిన భిక్ష. అందుకే ఆయననే అడుగుతా ఉండాను. అన్నా, వచ్చే ఆదివారం మా ఇంటికి రండి. పొంగణాలు తినాలని లేదు, మీకు వేరుగా ఉత్త పొంగణాలు పోస్తాను. ఆ పేజీ మాత్రం ఒకసారి చదవండి. అందులో రెండు ఒత్తులు తప్పు ఉండాయి. నేను దిద్దలేదు, మీకోసం ఉంచినాను.